అక్క పన్నెండు బీములు

మా అక్క పోసిన బీములు చెయ్యి వేస్తే విరిగిపోయాయని మా వీధిలో చెప్పుకుంటారు. కాలేజీ ఇచ్చిన సిమెంటులో సగం మా ఇంటి ముందు మెట్లకి వచ్చిందట. మిగిలిన సగంలో బూడిద కలిపి బీములు పోసిందట. అవి మిషను కింద పెట్టగానే పుటుక్కుమన్నాయట. ఆ తరవాత మూడు రోజులు గైడు సారు గది ముందు కూర్చొని, కాళ్ళావేళ్ళా పడి థీసిస్ మీద సంతకం పెట్టించుకుందట. ఈ కథ కాలేజీ ల్యాబ్ అటెండరు ఇంట్లో పుట్టి, మూలమీద టైలరమ్మ కొట్లో కాసేపు కూర్చొని, అక్కడ కాళ్ళూ చేతులూ మొలిపించుకొని మా ఇంటి దాకా వచ్చింది.

టైలరమ్మ నా ఎదుటే అంది. అక్క పాత చొక్కా నాకు సరిపోయేలా చేయించుకుందామని వెళ్ళాను.

"మీ అక్కకి ఎక్కడో సైటులో ఉద్యోగం వచ్చిందట కదా? నేనైతే ఆవిడ కట్టిన కప్పు కింద నిలబడను తల్లీ," అంది, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకొని.

ఎవరేమన్నా నాకు వెంటనే మాట రాదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది, అప్పుడు వినేవాళ్ళు ఉండరు. అందుకే రాస్తున్నాను.

మెట్లు వేసింది మా నాన్న. నాన్న తాపీమేస్త్రీ. మోకాలి నొప్పి ఎక్కువై, మెట్లు మరీ ఎత్తుగా ఉన్నాయని ఒక ఆదివారం పగలగొట్టి మళ్ళీ వేసుకున్నాడు. సిమెంటు ఆయన కొన్నదే. అది అక్క బీములు పోసిన నెలే కావడం మా ఖర్మ.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్దది. చిన్నప్పుడు నాన్నతో పనికి వెళ్తానని ఏడ్చేది. అక్కడికి వెళ్ళి ఇటుకలు మోసేది కాదు, ప్రశ్నలు మోసేది. గోడ మూలలో ఇటుకలు అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ ఎందుకు? కిటికీ మీద బరువెవరు మోస్తారు? నాన్న మొదట్లో చెప్పేవాడు. తరవాత "నోటికి కాస్త సిమెంటు పూస్తానుండు" అనేవాడు. అక్క ఊరుకునేది కాదు. ఇంజినీరింగులో సీటొచ్చిన రోజు నాన్న తన కొత్త కొలత టేపు తెచ్చి దాని సంచిలో వేశాడు.

నా చదువు తొమ్మిదిలో ఆగింది. ఆ ఏడాది అమ్మకి నడుము ఆపరేషను అయింది. ఆరు నెలలు మంచం దిగకూడదన్నారు. అక్కకి పెద్ద పరీక్షలు. ఇంట్లో ఒకరుండాలి కాబట్టి నేనున్నాను. ఆరు నెలలే కదా అన్నారు. ఆరు నెలలయ్యాక నన్ను మళ్ళీ బడికి పంపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

అక్కకి పైకి చదివితే గానీ తలకెక్కదు. నేను వంటింట్లో పని చేసుకుంటుంటే గడప మీద కూర్చొని చదివేది. మధ్యలో ఆగి, "అర్థమైందా?" అని నన్నడిగేది. అర్థం కాలేదంటే విసుక్కునేది, కానీ మళ్ళీ చెప్పేది. బీము అంటే ఏమిటో నాకు గిన్నెలు తోమే స్పాంజితో చెప్పింది. స్పాంజి పక్కన పెన్నుతో గీతలు గీసి, రెండు కొసలూ పట్టుకొని మధ్యలో వంచింది.

"పై గీతలు చూడు, దగ్గరికి వచ్చేశాయి. కింది గీతలు దూరం జరిగాయి. అంటే పైన నొక్కుకుంటోంది, కింద సాగుతోంది. కాంక్రీటుని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం ఓర్చుకోదు. అందుకని సాగేవైపు ఇనుప చువ్వలు పెడతారు. ఎటు?"

"కింద," అన్నాను.

"నాన్నకి చెప్పకు, నిన్ను పనిలో పెట్టుకుంటాడు."

చివరి ఏడాది థీసిస్ రాయాలి. సొంతంగా ఒక పరీక్ష చేసి, ఏం తేలిందో రాసి, గైడు సంతకం పెట్టించుకొని ఇవ్వాలి. అక్క ఎంచుకున్నది నాన్నకి అసలు నచ్చలేదు. కూల్చిన భవనాల కాంక్రీటు ముక్కలు ఊరి బయట గుట్టలుగా పడి ఉంటాయి కదా, వాటిని చితక్కొట్టి కొత్త కాంక్రీటులో కంకర బదులు వాడితే బీము ఎంత బరువు మోస్తుంది? ఇదీ దాని ప్రశ్న.

"కూలగొట్టిన గోడతో మళ్ళీ ఇల్లు కడతారా ఎవరైనా? ఒకళ్ళు నమిలిన అన్నం ఇంకొకళ్ళకి పెట్టినట్టుంటుంది," అన్నాడు నాన్న.

"అందుకే కదా నాన్నా పరీక్ష. మోస్తే మోసిందని రాస్తా, మొయ్యకపోతే లేదని రాస్తా."

అలా అంది గానీ, మోస్తుందనే దాని ఆశ. మోసిందని తేల్చి నాన్న ముందు పెట్టాలని. అది నాకు తెలుసు. ఆ ముక్కలు ఏరడానికి నాలుగు ఆదివారాలు నేనూ వెళ్ళాను. సుత్తితో కొట్టీ కొట్టీ అక్క అరచేతులు బొబ్బలెక్కాయి.

మొత్తం పన్నెండు బీములు. మూడు మామూలు కంకరతో, మూడింటిలో కంకరకి నాలుగో వంతు పాత ముక్కలు, మూడింటిలో సగం, చివరి మూడింటిలో అన్నీ పాత ముక్కలే. ఒక్కొక్కటి నాకన్నా పొడవు. నలుగురు పట్టుకుంటే గానీ కదలదు. అడుగున రెండు చువ్వలు, పైన ఏమీ లేవు. ఏవి ఏ రకమో తెలియడానికి కొసన రకానికో రంగు చుక్క పెట్టింది, అన్నీ పాత ముక్కలే ఉన్నవాటికి తెలుపు. పై ముఖం ఏదో తెలియడానికి సుద్దముక్కతో బాణం గీసింది. కాంక్రీటు పోశాక చూస్తే లోపల చువ్వలు ఎటున్నాయో కనిపించదు కదా, అందుకు.

కాంక్రీటుని ఇరవై ఎనిమిది రోజులు తడిగా ఉంచాలి. సరిగ్గా అప్పుడే కాలేజీకి సెలవులు. అక్క ఆ సెలవుల్లో సైటు శిక్షణకి వేరే ఊరు వెళ్ళాలి, తప్పదు. అటెండరు రోజూ రానన్నాడు. అందుకని నేను వెళ్ళాను. పొద్దున వంటయ్యాక వెళ్ళి తాళం తీసుకోవడం, బీముల మీద కప్పిన గోనెపట్టాలు తడపడం, తాళం ఇచ్చేసి రావడం. నేను వచ్చిందీ వెళ్ళిందీ వినబడదని అటెండరు నాకు పిల్లి అని పేరు పెట్టాడు.

"ఏం పిల్లీ, పిల్లల్ని చూసుకోవడానికి వచ్చావా?" అనేవాడు.

ఆ ల్యాబు నాకు నచ్చింది. ఎత్తైన కప్పు, కిటికీల్లోంచి బారుగా ఎండ, మధ్యలో బీముల్ని నొక్కి బరువు చూసే పచ్చరంగు పెద్ద మిషను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. పది రోజులయ్యేసరికి గోనెపట్టాల కింద పాచి పట్టింది. బీములు జిడ్డుగా, పచ్చగా తయారయ్యాయి. అక్క అంత కష్టపడి పోసినవి అలా ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. ఇంటి నుంచి గట్టి బ్రష్షు తీసుకెళ్ళి పన్నెండింటినీ తోమాను. రంగు చుక్కలు పోలేదు. పాచి పోయింది. సుద్ద బాణాలూ పోయాయి. పోయాయని చూశాను. నెల రోజులు నీళ్ళు పోస్తే సుద్ద ఎలాగూ ఉండదు కదా, ఉండాల్సిందే అయితే పెయింటుతో వేసేది కదా అనుకున్నాను. ఇప్పుడు ఎన్ని అనుకున్నా ఏం లాభం.

పరీక్ష రోజు అక్కకి అన్నం డబ్బా తీసుకెళ్ళి అక్కడే ఒక స్టూలు మీద కూర్చుండిపోయాను. అటెండరూ మరో ముగ్గురూ బీముల్ని ఒక్కొక్కటే తెచ్చి మిషను కింద పెట్టారు. కంకరవీ, సగం దాకా పాత ముక్కలున్నవీ తలుపు వైపు ఉన్నాయి, అవి పోసినట్టే తిన్నగా ఎత్తారు. పూర్తిగా పాత ముక్కలతో చేసిన మూడూ గోడకి ఆనుకొని ఉన్నాయి. గోడవైపు చెయ్యి పట్టే సందు లేదు. గునపం దూర్చి, ఒక పల్టీ కొట్టించి, ఇవతలికి లాగి, అప్పుడు ఎత్తారు.

మొదటి తొమ్మిదీ బాగా మోశాయి. కంకరవి రెండు టన్నుల ఎనిమిది వందల కిలోల దాకా వెళ్ళాయి. సగం పాతవి కూడా రెండున్నర దాటాయి. అడుగున ముందు వెంట్రుకంత పగులు కనిపించేది, అది మెల్లగా పైకి పాకేది. బీము బాగా వంగి, ఇక నా వల్ల కాదన్నట్టు మూలిగి, అప్పుడు ఓడిపోయేది. అక్క బల్ల దగ్గర కూర్చొని మిషను డయలు మీద ముల్లు ఎక్కడ ఆగిందో చూసి రాసుకుంటోంది. ముఖం వెలిగిపోతోంది.

తరవాత ఆ మూడూ పెట్టారు. మొదటిది టన్ను దాటి కొంచెం వెళ్ళగానే ఫట్‌మంది. పగులు కనిపించింది లేదు, మూలిగింది లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

అక్క ముల్లు వైపే చూస్తోంది. గైడు సారు అప్పుడే వచ్చి అక్క రాసిన కాగితం వైపు చూస్తున్నాడు. అటెండరు ముక్కలు ఎప్పుడు తీసేద్దామా అని గడియారం వైపు చూస్తున్నాడు. అంకెలతో నాకు పని లేదు కాబట్టి నేనొక్కదాన్నే బీము వైపు చూశాను. అది మధ్యలో కింది నుంచి పైదాకా చీలి, రెండు ముక్కలూ కిందికి వేలాడుతున్నాయి. వాటిని పట్టుకొని ఉన్నది పైన, పై ముఖం దగ్గర వంగిన రెండు చువ్వలు.

నాకు స్పాంజి గుర్తొచ్చింది. నోరు తెరిచాను కూడా. అప్పుడే సారు నవ్వాడు.

"చూశావా అమ్మాయ్, ఎంత ముచ్చటగా వచ్చిందో. సగం దాకా పరవాలేదు, మొత్తం వేస్తే పనికిరాదు. ఇంతకన్నా మంచి ముగింపు దొరకదు. గ్రాఫు గీస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది."

నేను నోరు మూసుకున్నాను. అంత చదివినాయన ఎదురుగా ఉండి చూశాడు, నాకేం తెలుసని? ఒకవేళ తెలిసినా, బాణాలు ఏమయ్యాయంటే ఏం చెప్పాలి?

ఇంటికొచ్చాక అక్క గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నాన్న "నే చెప్పలేదూ" అన్నాడు, మళ్ళీ తనకే బాధేసి, తలుపు దగ్గర నిలబడి "పోనీలే, తేలింది కదా, అదే రాయి" అన్నాడు. అది అదే రాయడం మొదలుపెట్టింది.

ఆ మూడు వారాలు మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడుకోలేదు. రాసినదాన్ని సారు ఐదుసార్లు తిప్పి పంపాడు. ఐదుసార్లూ మార్జిన్ల కోసమే. ఎడమవైపు ఇంత ఉండాలి, కుడివైపు ఇంత ఉండాలి, బొమ్మ కింద అక్షరం చిన్నదిగా ఉండాలి. బీము ఎటుందో చూడని మనిషి మార్జిను ఎంతుందో స్కేలు పెట్టి కొలిచాడు. అక్క ప్రతిసారీ ప్రింటు షాపుకి పరిగెత్తేది. వచ్చి కాగితాలు విసిరికొట్టేది. అమ్మ వాటిని ఏరి వరసగా పెడుతూ, "ఈ కాగితాలన్నీ పేర్చి దాని మీద ఇల్లు కట్టు, పడదు," అనేది. అక్కకి నవ్వు వచ్చేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం అక్క నవ్వుతూ వచ్చింది. ఎన్నాళ్ళకో.

"అయిపోయిందే. సారు సరేనన్నాడు. బైండింగుకి ఇవ్వడమే. ఇంకా తొమ్మిది రోజులు గడువుంది, తెలుసా? మా క్లాసులో నాదే ముందు." గిన్నెలు తోముతున్న నా పక్కన కూర్చొని, చాలా రోజుల తరవాత నా చేతిలోంచి ఒక గిన్నె తీసుకొని కడిగింది.

అప్పుడు చెప్పాను. మంచి సమయం కాదని తెలుసు. అయితే అంతకన్నా మంచి సమయం ఇక రాదని కూడా తెలుసు.

"అక్కా, ఆ మూడు బీముల్లో చువ్వలు పైనున్నాయి."

"ఏ మూడు?"

"విరిగినవి. గోడవైపువి. పల్టీ కొట్టించి తీశారు. బాణాలు లేవు కదా, అలాగే పెట్టేశారు."

"బాణాలు లేకపోవడమేంటి? నేను గీశాను."

"నేను తోమాను."

గిన్నె నీళ్ళలో పడేసింది. తరవాత మెల్లగా అడిగింది, "ఎప్పుడు చూశావ్?"

"ఆ రోజే."

"ఆ రోజే చూశావు. మూడు వారాల నుంచి నీ ఎదురుగా కూర్చొని రాస్తున్నా. పైకి చదువుతున్నా. పాత ముక్కలు పనికిరావు, పనికిరావు అని నలభై పేజీలు రాశా. నీ నోట్లో ఏముందే? ముత్యాలున్నాయా, తెరిస్తే రాలిపోతాయా?"

"భయమేసింది."

"మరి ఇవాళ వెయ్యలేదా? ఇవాళ ఎందుకు చెప్పావ్? చెప్పకుండా ఉంటే నీ సొమ్మేం పోయింది?"

నేను నీళ్ళలోంచి ఆ గిన్నె తీసి మళ్ళీ తోమాను.

నాన్న పని నుంచి రాగానే ముగ్గురం కాలేజీకి వెళ్ళాం. ల్యాబు వెనక విరిగిన బీములన్నీ కుప్పగా పడి ఉన్నాయి. నాన్న గట్టుమీద కూర్చొని, నొప్పి కాలు చాపుకొని, ఒక్కో ముక్కనీ చేత్తో తడిమాడు. అచ్చులో పోసిన బీముకి మూడు ముఖాలు ఇనుప పలకకి తగిలి నున్నగా ఉంటాయి. పైకి తెరిచి ఉన్న ముఖాన్ని తాపీతో సర్దుతారు, అది గరుగ్గా ఉంటుంది. అది ఎప్పుడూ పైనే ఉండాలి. తొమ్మిదింటికీ మిషను నొక్కిన గుర్తు ఆ గరుకు ముఖం మీదే ఉంది. తెల్లచుక్క ఉన్న మూడింటికి మాత్రం నున్నటి ముఖం మీద ఉంది.

"తలకిందులుగా పెట్టారు," అన్నాడు నాన్న. తరవాత అక్క వైపు చూసి, "నాలుగేళ్ళు చదివి సుద్దముక్కతో గీశావా?" అన్నాడు.

అక్క ముక్క మీద కూర్చొని లెక్క వేసింది. చువ్వలు అసలే లేని అదే కొలత కాంక్రీటు బీము అయితే ఎంత మోస్తుందో. టన్నూ రెండు వందల కిలోల దగ్గర వచ్చింది. ఆ మూడూ సరిగ్గా అక్కడే విరిగాయి.

"అంటే చువ్వలు పని చెయ్యలేదు. పాత ముక్కల తప్పేం లేదు," అన్నాను నేను.

"తప్పు లేదనీ చెప్పలేం. మంచివని అంతకన్నా చెప్పలేం. ఏమీ చెప్పలేం. నాలుగు ఆదివారాలు కొట్టిన ముక్కలు, ఇరవై ఎనిమిది రోజుల నీళ్ళు, అన్నీ కలిపి ఏమీ చెప్పవు." చేతిలో ఉన్న పెన్సిలు విరిచేసింది.

మళ్ళీ పోద్దామంటే ఇరవై ఎనిమిది రోజులు కావాలి, ఉన్నవి తొమ్మిది. గడువు దాటితే వచ్చే ఏడాది వాళ్ళతో కలిసి మళ్ళీ మొదటి నుంచి. రెండే దారులు: రాసింది రాసినట్టు ఇచ్చెయ్యడం, లేకపోతే జరిగింది రాయడం. జరిగింది రాస్తే థీసిస్‌కి ముగింపే పోతుంది. మార్కులు పోతాయి. అది చేరాలనుకున్న పెద్ద కంపెనీ ఫస్టు క్లాసు లేనివాళ్ళని గుమ్మం కూడా ఎక్కనివ్వదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

నాన్న ఇంటికొస్తూ దారిలో ఒక్క మాటన్నాడు. "రేపు ఎవడో ఆ పుస్తకం చూసి, ఈ ముక్కలు పనికిరావంట అంటాడు. నేను అన్నట్టు."

మర్నాడు పొద్దున అక్క సారు గదికి వెళ్ళింది. సాక్షిగా నన్నూ తీసుకెళ్ళింది, కానీ లోపలికి రానివ్వలేదు. బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు సరిగ్గా పడదు, చాలా మాటలు వినిపించాయి.

"ఒప్పుకున్నదాన్ని మళ్ళీ ఎందుకు కెలుకుతావమ్మా?"

"తప్పు కాబట్టి సార్."

"సరే, ఆ మూడూ తీసెయ్. తొమ్మిది బీములే పోశానని రాయి. సగం దాకా పరవాలేదని చెప్పి ఆపెయ్."

"పన్నెండు పోశాను కదా సార్."

"పోస్తే? వచ్చి ఎవరు లెక్కపెడతారు?"

అక్క ఏమందో వినిపించలేదు. సారు గొంతు పెరిగింది. "తలకిందులుగా పెట్టామని రాస్తే చదివినవాడు ఏమనుకుంటాడు? అక్కడ నిలబడ్డ గైడు గుడ్డివాడా అనుకుంటాడు. ఇది థీసిసా, క్షమాపణ ఉత్తరమా? నేను సంతకం పెట్టను."

అక్క బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కాళ్ళు పట్టుకోలేదు. ఒళ్ళో కాగితాలు పెట్టుకొని రాసుకుంటూ కూర్చుంది. సారు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది, ఆయన వెళ్ళాక కూర్చునేది. నాతో మాట్లాడలేదు. నేను తెచ్చిన అన్నం మాత్రం తినేది. పోనీ అదైనా తింటోందని నేను సంతోషించాను.

అటెండరు అటు తిరుగుతూ, "ఏం పిల్లీ, మీ అక్క ఇక్కడే కాపురం పెట్టిందా?" అన్నాడు. ఈ కథంతా ఆ బల్ల దగ్గరే మొలకెత్తిందని నా అనుమానం.

మూడో రోజు మధ్యాహ్నం డిపార్టుమెంటు హెడ్డు రెండోసారి అటువైపు వెళ్తూ ఆగి, "ఈ పిల్లలెవరు, రోజూ ఇక్కడే ఉంటున్నారు?" అని అడిగాడు. లోపలి నుంచి సారు గబగబా వచ్చి, "నా స్టూడెంటే సార్, కరెక్షన్లు చేయించుకుంటోంది," అన్నాడు. పది నిమిషాల తరవాత సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు అక్క ముఖం చూడలేదు. మార్జిన్లూ చూడలేదు.

అక్క కొత్తగా రాసింది నలభై ఏడో పేజీలో ఉంది. దాన్ని నాకు చదివి వినిపించలేదు, నేనే తరవాత చదువుకున్నాను. చివరి మూడు బీముల్ని పరీక్షలో తలకిందులుగా అమర్చారనీ, గుర్తులు చెరగకుండా వేయకపోవడం రాసినవారి పొరపాటనీ, అందువల్ల పూర్తిగా పాత ముక్కలతో చేసిన కాంక్రీటు గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పలేదనీ ఉంది. నేను తోమిన మాట లేదు.

"నా సంగతి రాయలేదేం?" అని అడిగాను.

"నువ్వెవరివి రాయడానికి? పెయింటు డబ్బా నా పక్కనే ఉంది, మూత తియ్యడానికి బద్ధకం. ఉప్పందుకో," అంది. అప్పటికి అది నాతో మాట్లాడక పదకొండు రోజులైంది.

వైవాకి, అంటే థీసిస్ మీద ప్రశ్నలడిగే పరీక్షకి, బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నలభై ఏడో పేజీ పైకి చదివి, పక్కవాళ్ళకి వినిపించి నవ్వాడట. "మూడు తలకిందులైతే మిగతా తొమ్మిదీ సరిగానే ఉన్నాయని ఏంటమ్మా నమ్మకం?" అన్నాడట. ప్రతి ముక్కనీ తిప్పి చూశామని, గరుకు ముఖం గురించి అక్క చెప్పబోతే, చాల్లే కూర్చో అన్నాడట. గైడు సారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. అక్క పాసయింది. ఫస్టు క్లాసు పోయింది. దాని క్లాసులో పదిమంది ఒకే థీసిస్‌ని అటూ ఇటూ మార్చి రాశారు. వాళ్ళకి మంచి మార్కులొచ్చాయి.

అది ఇప్పుడు ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పని చేస్తోంది. కాంక్రీటు పోసే ముందు చువ్వలు డ్రాయింగులో ఉన్నట్టు ఉన్నాయో లేదో చూడడం దాని పని. రోజంతా ఎండలో నిలబడి వస్తుంది. థీసిస్ మాట ఎత్తితే ఇప్పటికీ మండిపడుతుంది. "మంచి పని చేశావులే" అని అమ్మ ఒకసారి అనబోతే, "ఏం మంచి? ఏమైనా తేలిందా? ఆ ముక్కలు మోస్తాయో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు. తెలుసుకోవడానికే కదా చేసింది," అని కంచం ముందు నుంచి లేచిపోయింది. దాని కోపం సారు మీదో, నా మీదో, సుద్దముక్క మీదో నాకు అంతు పట్టదు. అన్నిటి మీదా కాస్త కాస్త ఉండి ఉంటుంది. నాకు నా మీద ఉంది.

మొన్న నేను అక్క బీరువా సర్దుతుంటే అడుగున ఒక ఫైలు కనిపించింది. పాత థీసిస్. ముగింపు బాగున్నది, గ్రాఫు పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉన్నది. చిత్తు ప్రతి అనుకొని తిప్పాను. మొదటి పేజీలో గైడు సారు సంతకం, హెడ్డు సంతకం, కాలేజీ ముద్ర అన్నీ ఉన్నాయి. అన్నింటి కిందా తేదీలున్నాయి. అవి నేను గిన్నెల దగ్గర నోరు విప్పిన రోజువే, అక్క నవ్వుతూ వచ్చిన రోజువి.

అక్క మూడు రోజులు ఆ గది ముందు కూర్చున్న మాట నిజమే. కూర్చున్నప్పుడు దాని సంచిలో సంతకాలన్నీ అయిన థీసిస్ ఒకటి ఉంది.